తెరమీద చూచినది, గ్రంథములో వ్రాయబడినది



"అయ్యగారూ, పాత ఇంగ్లీషు బైబిలు సినిమాలు విశ్వాసులు చూడవచ్చునా?" అని మమ్మును చాలమంది అడుగుతూ ఉంటారు. ఒకప్పుడు ఈ ప్రశ్న పట్టణ సంఘములలోనే వినబడేది. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతి ఇంటిలోనూ వినబడుతున్నది. సినిమా అన్న మాట వినగానే చెవులు మూసికొనే పెద్దలు మా సంఘములో ఉన్నారు. వారిని మేము తప్పుపట్టము. వారపు కూలి అంతా టికెట్లకు, దారి ఖర్చులకు పోయి, పిల్లలు పస్తులున్న ఇండ్లను చూచిన తల్లులు వారు. యౌవనస్థుల సంగతి వేరు. సండేస్కూలులో ప్రశ్న అడిగితే కొందరు బైబిలులోనుండి గాక సినిమాలోనుండి జవాబు చెబుతారు. ఒక కుర్రవాడు వచ్చి, "బెన్ హర్ కథ ఏ సువార్తలో ఉన్నదండీ? ఎంత వెదికినా దొరకలేదు" అన్నాడు. అతడు వెదికాడు గనుక మేము సంతోషించాము. వెదకనివారిని గూర్చియే మా భారము.

ఆ పాత హాలీవుడ్ చిత్రములంటే మాకును ఇష్టమే. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. వాటిని ఎలా తీశారో, ఎవరు తీశారో తెలిసికొనుట మాకు సరదా. అయితే చెవితో విన్న ప్రసంగము ఆదివారము సాయంత్రానికే మరుగున పడుతుంది, కంటితో చూచిన బొమ్మ మాత్రము ఏండ్ల తరబడి నిలుస్తుంది. కాబట్టి ఏ చిత్రము చూచినా మూడింటిని వేరుచేసికొని చూడవలెనని మేము మా సంఘములో నేర్పుతున్నాము. గ్రంథములో వ్రాయబడినది ఏది? కథ చెప్పినవాడు కలిపినది ఏది? పనివాడు చేతితో చేసినది ఏది? బియ్యములో రాళ్లు ఏరినట్లు ఏరుకొంటే అన్నము హాయిగా తినవచ్చును.

మొదట 1956లో వచ్చిన 'ది టెన్ కమాండ్మెంట్స్' చిత్రమును చూద్దాము. దీనిని తీసినవాడు సెసిల్ బి. డెమిల్. మోషేగా నటించినవాడు చార్ల్‌టన్ హెస్టన్, ఫరోగా నటించినవాడు యూల్ బ్రిన్నర్. చిత్రము నిడివి మూడున్నర గంటలకు పైనే. జమ్ముపెట్టెలో పడుకోబెట్టిన పసి మోషే ఎవరో తెలుసా? హెస్టన్‌కు అప్పుడే పుట్టిన సొంత కుమారుడే! తండ్రీకొడుకులిద్దరూ ఒకే మోషేగా కనిపించారన్న మాట.

ఎఱ్ఱసముద్రము పాయలగుట చూచి నోరు తెరవని పిల్లవాడు ఉండడు. అది చేతిపని. పెద్ద పెద్ద తొట్లలోనుండి లక్షల గాలన్ల నీటిని ఒక్కసారిగా కుమ్మరించి, అది పడుచుండగా ఫిల్ము తీసి, ఆ ఫిల్మును వెనుకకు తిప్పారు. కలిసిపోతున్న నీరు విడిపోతున్నట్లు కనబడింది. ఆ యేడు ఈ చిత్రమునకు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ బహుమతి ఈ పనితనమునకే. డెమిల్ ఇదే పేరుతో 1923లో మూకీ చిత్రము కూడ తీశాడు. అందులోని నీటి గోడలు పిల్లలు తినే జెల్లీ వంటి పదార్థముతో చేసినవి! దానిని వేడిచేసి కరిగిస్తూ ఫిల్ము తీసి, అదే ప్రకారము వెనుకకు త్రిప్పారు.

ఇక గ్రంథము తెరచి చూడండి. సినిమాలో మోషే చేతులు చాచగానే నిమిషములో సముద్రము చీలిపోతుంది. నిర్గమకాండము 14:21లోనైతే రాత్రి అంతయు బలమైన తూర్పుగాలి వీచినట్లున్నది. అది నిమిషములో అయిన పని కాదు. వెనుక ఫరో రథములు, ముందు నీరు, చీకటిలో గాలి హోరు. పిల్లలను గుండెకు హత్తుకొని ఆ తల్లులు రాత్రి అంతా కనిపెట్టవలసి వచ్చింది. సినిమా ఆ కనిపెట్టుటను మింగివేసింది. మన బ్రతుకులలో అద్భుతములు తరచు రాత్రి అంతా పట్టేవే గదా! నిమిషములో జరగలేదని దేవుని మీద సణిగేవారు ఈ వచనమును మరి యొకసారి చదువవలెను.

అలాగే తెరమీది మోషే గొంతు సింహగర్జన వంటిది. గ్రంథములోని మోషే తాను మాట నేర్పరిని కానని బ్రతిమాలుకొన్నాడు, అహరోను అతనికి నోరుగా ఉండవలసి వచ్చింది (నిర్గమ. 4:10-16). ఫరో యెదుట నిలిచినప్పుడు మోషేకు ఎనుబది యేండ్లు, అహరోనుకు ఎనుబది మూడు (నిర్గమ. 7:7). నెఫ్రెతిరి అను రాజకుమార్తెతో ప్రేమకథ సినిమా కలిపినదే. ఫరో పేరు కూడ నిర్గమకాండము చెప్పదు. ఫరో కుమార్తెకు పెట్టిన పేరు మాత్రము 1 దినవృత్తాంతములు 4:18లో కనబడే బిత్యా అను పేరు, కాని అక్కడ చెప్పబడిన ఆమె మోషేను పెంచిన ఆమెయే అని గ్రంథము చెప్పదు.

డెమిల్‌ను గూర్చి ఒక మాట. అతని తండ్రి రాత్రివేళ పిల్లలను కూర్చోబెట్టుకొని బైబిలు చదివి వినిపించేవాడు. కుమారునికి పదకొండేండ్లప్పుడు, 1893లో, ఆ తండ్రి చనిపోయాడు. విన్న కథలు మాత్రము బాలునిలో చావలేదు. పాపమును గంటసేపు ఆకర్షణగా చూపించి చివర అయిదు నిమిషములు గద్దిస్తాడని డెమిల్ చిత్రములమీద విమర్శ ఉన్నది, అది కొట్టివేయదగినది కాదు. అయినను ఈ చివరి చిత్రము కొరకు డెబ్బది మూడేండ్ల వయస్సులో ఐగుప్తు ఎండలో పనిచేశాడు. 1954లో అక్కడే ఎత్తైన నిచ్చెన ఎక్కుచుండగా గుండెపోటు వచ్చింది. కొద్ది రోజులలోనే మరల పనిలోనికి దిగాడు. 1959లో కన్నుమూశాడు. కుటుంబ ప్రార్థనలో పిల్లలకు నిద్ర వస్తున్నదని వాక్యము చదువుట మానుకొనే తండ్రులారా, వినుచున్న చెవులు ఏమి దాచుకొంటాయో మీకు తెలియదు.

రెండవది 1953లో వచ్చిన 'ది రోబ్'. సినిమాస్కోప్ అను వెడల్పు తెరమీద విడుదలైన మొట్టమొదటి చిత్రమిది. ఇంటింటికీ టెలివిజను వచ్చి హాళ్లు ఖాళీ అవుతున్న రోజులలో జనులను రప్పించుటకు ఆ పెద్ద తెరను తెచ్చారు. దీనికి ఆధారమైన నవల 1942లో వచ్చింది. వ్రాసిన లాయిడ్ సి. డగ్లస్ ఏండ్ల తరబడి సంఘకాపరిగా పనిచేసినవాడు. సిలువ క్రింద యేసుప్రభువు వస్త్రమును చీట్లు వేసి గెలుచుకొన్న సైనికుడు ఏమయ్యాడని ఒక పాఠకురాలు ఉత్తరము వ్రాసి అడిగిందట. ఆ ఒక్క ఉత్తరములోనుండి నవల పుట్టింది. యోహాను 19:23-24లో చీట్లు వేసిన సంగతి ఉన్నది గాని, అంగీ ఎవరికి వచ్చిందో లేదు. తక్కినదంతా కథకుడు అల్లినదే. సినిమా చూచి బట్టలో శక్తి ఉన్నదనుకొంటే ప్రమాదము. శక్తి అంగీలో లేదు, దానిని విడిచి సిలువ ఎక్కినవానిలో ఉన్నది.

మూడవది మన కుర్రవాడు సువార్తలలో వెదికిన 'బెన్ హర్'. ఇది 1959 నాటిది. పదకొండు ఆస్కార్ బహుమతులు గెలిచిన మొదటి చిత్రము. ఆ లెక్కను తరువాత 'టైటానిక్' మరియు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడవ భాగము అందుకొన్నవి గాని, దాటినది నేటికీ లేదు. బెన్ హర్ అను యూదా చరిత్రలో ఉన్న మనిషి కాడు, 1880లో లూ వాలెస్ అను అమెరికా సైన్యాధికారి వ్రాసిన నవలలోనివాడు. 1876లో ఒక రైలు ప్రయాణములో పేరుపొందిన నాస్తికుడు రాబర్ట్ ఇంగర్సాల్ అతనితో రాత్రి చాలసేపు వాదించాడు. జవాబు చెప్పుటకు తనకు ఏమీ తెలియదని వాలెస్ సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గే అతనిని గ్రంథములు తెరచి చదువునట్లు చేసింది. చదివి విశ్వాసములో స్థిరపడ్డానని అతడే వ్రాసికొన్నాడు. నాస్తికుని ప్రశ్నకు కోపపడినవారు చాలమంది ఉంటారు, చదువుటకు కూర్చున్నవారు కొందరే.

రథముల పందెము తెరమీద సుమారు తొమ్మిది నిమిషములు. దాని కొరకు రోమా నగరము దగ్గర 18 ఎకరాల మైదానము కట్టారు. 70కి పైగా గుర్రములను తెచ్చారు. హెస్టన్ రథము తోలుట నేర్చుకొన్నాడు గాని, అపాయకరమైన పనులు జో కానట్ అను కుర్రవాడు చేశాడు. ఒకచోట రథము ఎగిరిపడి అతడు ముందుకు పల్టీ కొట్టాడు. గడ్డమునకు చిన్న గాయముతో బయటపడ్డాడు. ఆ పడిపోవుటను అలాగే చిత్రములో ఉంచారు. ఆ పందెములో మనిషి చనిపోయాడని ఊరూరా చెప్పుకొంటారు, అది 1959 నాటి ఈ చిత్రము విషయములో నిజము కాదు.

ఇంత ఆర్భాటములోను మా మనస్సు నిలిచేది రెండు నిశ్శబ్దములమీద. ఆ కంపెనీ చిత్రములన్నిటికీ మొదట ఒక సింహము గర్జిస్తుంది. ఈ చిత్రములో అది గర్జించదు. క్రీస్తు జన్మదృశ్యముతో కథ మొదలవుతున్నది గనుక, దర్శకుడు విలియం వైలర్ సింహమును మౌనముగా ఉంచాడు. వైలర్ యూదుడు. అయినను ఆ పుట్టుకకు ముందు గర్జన తగదని అతనికి తోచింది. మన క్రిస్మస్ ఆరాధనలకు మైకుసెట్లు తెచ్చేవారు దీనిని కొంచెము ఆలోచించవలెను.

రెండవ నిశ్శబ్దము ప్రభువు ముఖము. మూడున్నర గంటల చిత్రములో ఒక్కసారి కూడ ఆయన ముఖము చూపించరు. యూదా సంకెళ్లతో నజరేతు గుండ నడుస్తూ దాహముతో కూలిపోతాడు. అతనికి నీళ్లు ఇయ్యవద్దని శతాధిపతి ఆజ్ఞ. అయినను ఒక వడ్రంగి వచ్చి సొరకాయ బుర్రతో నీళ్లు పోసి తల నిమురుతాడు. శతాధిపతి కొరడా పట్టుకొని వస్తాడు, ఆ ముఖములోనికి చూస్తాడు, ఏమీ అనలేక తిరిగిపోతాడు. మనకు కనబడేది వడ్రంగి వీపు, శతాధిపతి ముఖములోని మార్పు మాత్రమే. చివర యేసుప్రభువు సిలువ మోస్తూ పడినప్పుడు యూదా నీళ్లు తీసికొని పరుగెత్తుతాడు, అప్పుడు ఆయనను గుర్తుపడతాడు. ఇది సువార్తలలో వ్రాయబడిన సంగతి కాదు. అయినను గిన్నెడు చన్నీళ్లను గూర్చి ప్రభువు చెప్పినదానికి (మత్తయి 10:42) విరోధమైనది కాదు. మనుష్యులు మన ప్రభువును నేడు కూడ అలాగే చూస్తారు. ఆయన ముఖము వారికి కనబడదు, ఆయనను చూచినవాని ముఖములోని మార్పే కనబడుతుంది. గట్టు తగాదా పెట్టుకొని పదేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు సంస్కారపు బల్లయొద్దకు వచ్చినప్పుడు, ఊరివారు చూచేది వారి ముఖములనే.

నాలుగవదానిలో మోషే లేడు, రథములు లేవు. దీనికి ముడివేసే దారము ఒకటున్నది. డెమిల్ 1927లో 'ది కింగ్ ఆఫ్ కింగ్స్' అను మూకీ చిత్రము తీశాడు. మిషనెరీలు దానిని అనేక దేశములకు తీసికొనివెళ్లి చూపించారు. మన తెలుగు పల్లెలలో 1978 నాటి 'కరుణామయుడు' చిత్రమును గుడ్డ తెరలు కట్టి చూపించినట్లే అనుకోండి. ఆ మూకీ చిత్రములో యేసుప్రభువుగా నటించిన హెచ్.బి. వార్నర్ ముసలితనములో మరొక చిత్రములో మందుల కొట్టు యజమానిగా కనబడతాడు. కొడుకు చనిపోయిన దుఃఖములో తప్పుడు మందు కలిపి, వద్దన్న పిల్లవానిని చెంపమీద కొట్టే ముసలివాడు! ఆ చిత్రమే 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'.

దీని మూలకథ వ్రాసిన ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ దానిని ఏ పత్రికకూ అమ్ముకోలేకపోయాడు. 1943లో 200 ప్రతులు అచ్చువేయించి క్రిస్మస్ కార్డుగా స్నేహితులకు పంపాడు. ఆ కార్డు చేతులు మారి సినిమా అయింది. మంచు కురిసే క్రిస్మస్ కథను మండు వేసవిలో తీశారు. అప్పటివరకు మంచు కొరకు రంగువేసిన మొక్కజొన్న అటుకులు వాడేవారు, నడిస్తే కరకరలాడేవి. దీని కొరకు మంటలార్పే నురుగుతో సబ్బు కలిపి క్రొత్త మంచు చేశారు. అంత చేసినా విడుదలైనప్పుడు పెట్టిన డబ్బు రాలేదు. 1974లో హక్కులను తిరిగి నమోదు చేయించకపోవుటచేత టీవీవారు ఏటేటా క్రిస్మస్‌కు ఉచితముగా వేశారు. అలా లోకమంతా దానిని ప్రేమించింది. అందరు విడిచినదే అందరికీ అందింది.

కథ ఇది. జార్జి బెయిలీ అను మంచివాడు చిన్న పట్టణములో బీదలకు ఇండ్ల అప్పులిచ్చే సంస్థ నడుపుతాడు. క్రిస్మస్‌కు ముందు రోజు అతని చిన్నాన్న 8000 డాలర్లు పోగొడతాడు. అది పొరపాటున ఊరి ధనవంతుడు పాటర్ చేతిలో పడుతుంది, అతడు నోరు మెదపడు. జైలు తప్పదని జార్జి భయపడతాడు. బ్రతికి ఉండుటకంటె చచ్చిపోతే భీమా డబ్బు అయినా వస్తుందని వంతెనమీద నిలబడతాడు. ఒక దూత వచ్చి, నీవే పుట్టకపోతే ఊరు ఎలా ఉండేదో చూడమంటాడు. చిన్ననాడు మంచునీటిలోనుండి అతడు లాగిన తమ్ముడు సమాధిలో ఉంటాడు. ఆ మందుల కొట్టు ముసలివాడు జైలు శిక్ష అనుభవించి వచ్చినవాడై ఉంటాడు. అంతకుముందు జార్జి సారాకొట్టులో కూర్చొని ప్రార్థించే దృశ్యము ఒకటున్నది. యుద్ధములో బాంబర్ విమానము నడిపి అప్పుడే తిరిగివచ్చిన నటుడు జేమ్స్ స్టువర్ట్ అక్కడ నటన మరచి నిజముగా ఏడ్చాడు.

ఇక్కడ కూడ రాళ్లు ఏరుకోవలెను. మనుష్యులు చనిపోయి దూతలవుతారని, రెక్కలు సంపాదించుకొంటారని సినిమా చెబుతుంది. వాక్యము అలా చెప్పదు. దూతలు సేవచేయుటకు పంపబడిన ఆత్మలు (హెబ్రీ. 1:14). మన నిరీక్షణ రెక్కలు కాదు, పునరుత్థానము. మంచివాడైన జార్జిని రక్షించునది అతని మంచితనమన్నట్లును అనిపిస్తుంది. మన రక్షణ సిలువయందే.

అయినను ఈ కథను మేము విడువలేము. కారణము చెబుతాము. 2021లో మా ప్రాంతమంతటా మిరపకు నల్ల తామర పురుగు పట్టి పూత రాలిపోయింది. కౌలుకు చేసిన ఒక సహోదరుడు పెట్టుబడి అంతా పోగొట్టుకొని, నూటికి నాలుగు రూపాయల వడ్డీ క్రింద నలిగిపోతున్నాడు. ఆ డిసెంబరులో వారి వీధిలో గృహకూడిక పెట్టాము. టీవీ లేదు, తెర లేదు. ఈ కథను నోటితోనే చెప్పి, గలతీయులకు 6:2 చదివాము. కూడిక అయిన తరువాత అందరు వెళ్లినా ఆ సహోదరుడు లేవలేదు. "అయ్యగారూ, ఆ వంతెనమీది మనిషిని నేనే" అన్నాడు. చేయరాని పని చేసికొందామని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాడట. ఇంటిలో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మేము అతనిని ఒంటరిగా విడిచిపెట్టలేదు. తెల్లవారినాక అతని భార్యను, అన్నను కూర్చోబెట్టి సంగతి చెప్పించి, డాక్టరుగారి యొద్దకు తీసికొనివెళ్లాము. సంఘపెద్దలిద్దరు అప్పిచ్చినవారి యొద్దకు వెళ్లి గడువు అడిగారు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము డబ్బాలు విప్పారు. ఒక విధవరాలు రెండు కోడిపెట్టలు అమ్మి డబ్బు తెచ్చింది.

సినిమాలో ఒక్క రాత్రిలో బుట్టనిండ డబ్బు పోగయి కథ ముగుస్తుంది. మా సంఘములో అలా జరగలేదు. అప్పు తీరుటకు మూడు పంటలు పట్టింది. తూర్పుగాలి రాత్రి అంతా వీచినట్లే అనుకొన్నాము. కాని ఆ సహోదరుడు నేడు ఆదివారమున కానుక సంచి పట్టుకొని వరుసల మధ్య నడుస్తుంటే, పుట్టకపోతే బాగుండుననుకొన్న మనిషి వీడేనా అని మా కన్నులు చెమర్చుతవి.

ఆ చిత్రములో మరొక సంగతి గమనించారా? పాటర్‌కు చివరికి శిక్ష పడదు. డబ్బు అతని యొద్దనే ఉండిపోతుంది. చాలమందికి ఇది నచ్చదు. మాకు మాత్రము నిజమనిపిస్తుంది. పాటరులు పట్టుబడినా పడకపోయినా, వంతెనమీదివాడు ఇంటికి చేరుట ముఖ్యము. తీర్పు దేవునిది, మోయుట మనది.

కావున ప్రియులారా, చూడవచ్చునా అని అడిగినవారికి మా జవాబు ఇదే. ఒంటరిగా దుప్పటిలో కాదు, ఇంటిల్లిపాది కలిసి చూడండి. ప్రక్కన బైబిలు పెట్టుకొనండి. అయిపోయిన తరువాత పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి: వ్రాయబడినది ఏది, కలిపినది ఏది, చేతితో చేసినది ఏది? ఆ తరువాత పెద్దలు తమ్మును తాము నాలుగవ ప్రశ్న అడుగుకొనవలెను: ఈ రాత్రి మన వీధిలో వంతెనమీద నిలబడినవారు ఎవరైనా ఉన్నారా? జెల్లీతో చేసిన సముద్రము కరిగిపోయింది, 18 ఎకరాల మైదానమును పడగొట్టివేశారు. దాహముగొన్నవానికి ఇచ్చిన గిన్నెడు నీళ్లు మాత్రము పరలోకములో లెక్కింపబడే ఉన్నవి. మీ ఇంటిలో ఎవరైనా మాట తగ్గించి, తిండి తగ్గించి మూలన కూర్చొంటే, రేపటికి వాయిదా వేయక వారి ప్రక్కన కూర్చొనండి, అడగండి, మీ కాపరికిని డాక్టరుకును కబురు చేయండి.

భారములు మోయు ప్రభువు మన కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.